కరెంటు ప్లాంటు సంగతి తర్వాత, ముందు కాటా పెట్టండి

అడిగిన ప్రశ్న: "మాది లక్ష జనాభా ఉన్న పట్టణం. నేను మొదటిసారి వార్డు కౌన్సిలర్‌గా గెలిచాను. ఊరి బయట ఆరెకరాల డంపింగ్ యార్డు నిండిపోయింది. ఎండాకాలం వస్తే రోజుల తరబడి పొగ. పక్క ఊరివాళ్ళు చెత్త ట్రాక్టర్లు ఆపేస్తున్నారు. మున్సిపాలిటీ కొత్తగా ఇరవై ఎకరాలు వెతుకుతోంది. ఈలోగా ఒక కంపెనీ వచ్చి, స్థలమూ చెత్తా ఇస్తే కరెంటు తీస్తాం అంటోంది. కౌన్సిల్‌లో ఏం మాట్లాడాలి? ఎక్కడ మొదలుపెట్టాలి?"

కౌన్సిలర్ గారూ, నేను శానిటరీ ఇన్‌స్పెక్టర్‌గా చేరి, ముప్పై ఏళ్ళకు పైగా మున్సిపాలిటీల్లో పారిశుధ్యం పనే చేసి రిటైరయ్యాను. మీరు చెప్పిన కథ నాలుగైదు ఊళ్ళలో చూశాను. వరస కూడా ఒక్కటే. యార్డు నిండుతుంది, తగలబడుతుంది, పక్క ఊరు రోడ్డెక్కుతుంది, అప్పుడో కంపెనీ రంగురంగుల పవర్‌పాయింట్‌తో దిగుతుంది.

మీకు కావాల్సింది సూటిగా చెబుతాను. కరెంటు ప్లాంటు మీ ఊరికి పనికిరాదు. ఇరవై ఎకరాలూ అక్కర్లేదు. యార్డులో మీకు కనిపిస్తున్న సమస్య నిజానికి ఇళ్ళ గుమ్మాల దగ్గర, చెత్త ఆటో తొట్టిలో తయారవుతోంది. అక్కడ సరిచెయ్యకుండా యార్డు దగ్గర ఎంత ఖర్చుపెట్టినా ఐదేళ్ళకు మళ్ళీ ఇదే ప్రశ్న అడుగుతారు. ఎందుకో వివరంగా రాస్తాను. కాస్త పొడుగవుతుంది, ఏమనుకోకండి.

ముందు కౌన్సిల్‌లో ఒక్క ప్రశ్న అడగండి: "మన ఊళ్ళో రోజుకు ఎన్ని టన్నుల చెత్త వస్తోంది? ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చింది?" ఏ మున్సిపాలిటీలో అడిగినా ఠక్కున ఒక అంకె చెబుతారు. చాలాసార్లు అది తూచిన అంకె కాదు. ట్రాక్టర్ ట్రిప్పుకు రెండు టన్నులు అనుకుని, రిజిస్టర్‌లో ఉన్న ట్రిప్పులతో గుణించి రాసింది. నేను పనిచేసిన ఒక ఊళ్ళో కాగితాల మీద రోజుకు 60 టన్నులు ఉండేది. వారం రోజులు ప్రతి బండినీ దగ్గర్లోని రైస్ మిల్లు కాటా మీదికి ఎక్కించి, నిండుగా ఒకసారి, ఖాళీగా ఒకసారి తూస్తే సగటున 38 వచ్చింది. మిగతా 22 టన్నులు డీజిల్ బిల్లుల్లో మాత్రమే ఉన్నాయి.

కాబట్టి వారం రోజులు తూయించండి. అందులో ఆదివారం తప్పకుండా ఉండాలి, ఎందుకంటే చికెన్, మటన్ వ్యర్థాలు ఆ రోజే పొంగుతాయి. సంత రోజు కూడా ఉండాలి. వీలైతే పండక్కి ముందు వారం ఇంకోసారి తూయించండి. భోగి ముందు జనం పాత పరుపులు, విరిగిన కుర్చీలు కూడా బండిలోకి విసురుతారు. చిన్న పట్టణాల్లో మనిషికి రోజుకు 200 నుంచి 350 గ్రాముల మధ్య వస్తుంది. పెద్ద నగరాల్లో 400 నుంచి 600 దాకా పోతుంది. మీ ఊరికి దుకాణాలు, హోటళ్ళు కలుపుకుని 35 టన్నులనుకుందాం. ఇక్కడి నుంచి ఆ అంకె మీదే లెక్క వేస్తాను. మీ కాటా చీటీలు వచ్చాక మార్చుకోండి.

తూచడంతో పాటు ఇంకో పని ఉంది. రోజూ రెండు మూడు బళ్ళ చెత్తను టార్పాలిన్ మీద పరిచి, కలియబెట్టి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు భాగాలు తీసేయాలి. వంద కిలోలు మిగిలేదాకా అలాగే చేసి, ఆ వంద కిలోలను చేత్తో వేరుచేసి తూయాలి. కంపు కొట్టే పని, అందుకే దీన్ని ఎవరూ చెయ్యరు, కన్సల్టెంటు నివేదికలో వేరే ఊరి అంకెలు దించేస్తారు. చేస్తే మన ఊళ్ళలో సాధారణంగా సగానికి పైగా తడి చెత్త ఉంటుంది. మీ 35 టన్నుల్లో 19 తడి, 9 పొడి, 5 మట్టి, కాలువ పూడిక, ఇటుక ముక్కలు, 2 దాకా డైపర్లు, ప్యాడ్లు వగైరా అనుకోండి. ఆ 5 టన్నుల మట్టి చూసి ఆశ్చర్యపోకండి. కాలువలో తీసిన పూడికను గట్టున ఆరబెట్టి తర్వాత తీస్తామంటారు. మర్నాడు చీపురుతో పాటు అదీ చెత్త బండి ఎక్కుతుంది. పైగా కాంట్రాక్టరుకు టన్ను లెక్కన డబ్బులిచ్చే ఊరైతే ఆ మట్టికి బండిలో పెద్దపీటే. ఆ సంగతి మళ్ళీ చెబుతాను.

ఇప్పుడు కంపెనీ వాళ్ళ దగ్గరికి వద్దాం. చెత్తను కాలిస్తే వేడి వస్తుంది, వేడితో ఆవిరి, ఆవిరితో కరెంటు. చిక్కంతా నీళ్ళతోనే. కిలో నీళ్ళను ఆవిరి చెయ్యడానికి సుమారు 600 కిలోకేలరీలు ఖర్చవుతాయి. అరటి తొక్కలు, మిగిలిన అన్నం, కూరగాయల చెక్కు, కొబ్బరి బోండాలు ఉన్న మన చెత్తలో బరువులో దాదాపు సగం నీళ్ళే. అంటే పొయ్యిలో వేసిన చెత్త ముందు తన నీళ్ళను తానే ఆరబెట్టుకోవాలి. మిగిలిన వేడే మనకు దక్కుతుంది. మళ్ళీ వాడుకోలేని చెత్తలో కిలోకు 1500 కిలోకేలరీలు, ఆపైన ఇచ్చేదాన్ని ఇంధనంగా వాడాలని 2016 నాటి ఘన వ్యర్థాల నియమాలు గీత గీసింది ఊరికే కాదు. కలిపి తెచ్చిన మన చెత్త చాలాచోట్ల ఆ గీత కిందే ఉంటుంది.

ఇది కాగితాల మీద లెక్క మాత్రమే కాదు, చూసిన చరిత్ర. ఢిల్లీ తిమార్‌పూర్‌లో 1980ల చివర్లో డెన్మార్క్ సాయంతో కట్టిన ప్లాంటు మూడు వారాలు నడిచి ఆగిపోయింది. అక్కడి చెత్త వేడి దానికి చాలలేదు. మన దగ్గరే 2003 ప్రాంతంలో విజయవాడలో ఒకటి, షాద్‌నగర్ దగ్గర ఒకటి, ఆరేసి మెగావాట్ల చొప్పున మొదలయ్యాయి. చెత్తతో పాటు ఊక, కట్టె లాంటివి కలిపితే గానీ నడవలేదు. 2005లో సుప్రీంకోర్టు ఇలాంటి కొత్త ప్లాంట్లకు సబ్సిడీలు ఆపి నిపుణుల కమిటీ వెయ్యమంది. ఆ రెండూ కొన్నేళ్ళకు మూతపడ్డాయి.

అలాగని చెత్త కరెంటు అసలు నడవదనీ అనను. హైదరాబాద్ జవహర్‌నగర్‌లో నడుస్తోంది. విశాఖ కాపులుప్పాడలో 15 మెగావాట్లు, గుంటూరు దగ్గర 15 మెగావాట్లు ఉన్నాయి. కానీ ఆ రెండింటికీ రోజుకు వెయ్యి టన్నులకు పైమాటే కావాలి. గుంటూరు ప్లాంటుకు ఒక్క గుంటూరు చెత్తే కాదు, విజయవాడతో పాటు చుట్టుపక్కల మున్సిపాలిటీల చెత్త కూడా పోతోంది. ఆ లెక్కన మీ 35 టన్నులకు అర మెగావాట్ కూడా రాదు. మరి కంపెనీ ఎందుకొచ్చింది అంటారా? ఒప్పందంలో రెండు చోట్ల చూడండి. "రోజుకు ఇన్ని టన్నులకు తగ్గకుండా ఇస్తాం, లేకపోతే పరిహారం కడతాం" అన్న వాక్యం ఉంటుంది. ఉచితంగా లీజుకిచ్చే భూమి విస్తీర్ణం ఉంటుంది. మొదటి దానిమీద సంతకం పెడితే రేపు మీ జనం తడి చెత్తను ఇంట్లోనే ఎరువు చేసుకుంటే మున్సిపాలిటీకి జరిమానా పడుతుంది. చెత్త తగ్గితే మనం నష్టపోయే ఒప్పందం ఎందుకు? రెండో దాని గురించి నేను వేరే చెప్పక్కర్లేదు. ఇంకో మాట, కాలిస్తే అంతా మాయం కాదు. మన చెత్తలో మట్టి ఎక్కువ కాబట్టి బూడిద కూడా ఎక్కువే మిగులుతుంది. దాన్ని పూడ్చడానికి మళ్ళీ స్థలం కావాలి.

సరే, ప్లాంటు పక్కన పెట్టాం. మరేం చెయ్యాలి?

నేను ఎక్కువ సేపు మాట్లాడాలనుకున్నది ఇక్కడే. తడి పొడి వేరుచేయడం గురించి మన జనాన్ని తిట్టడం అలవాటైపోయింది. "మనవాళ్ళకు సివిక్ సెన్స్ లేదండీ" అంటారు. నా అనుభవంలో అది సగమే నిజం. ఒక కాలనీలో ఇంటింటికీ రెండు బుట్టలిచ్చి, మహిళా సంఘాలతో మూడు నెలలు ప్రచారం చేశాం. డెబ్బై శాతం ఇళ్ళు వేరుచేసి ఇచ్చే స్థాయికి వచ్చాయి. తర్వాత నెలలో పడిపోయింది. ఎందుకా అని ఒక రోజు పొద్దున్నే ఆటో వెనక నడిచాను. ఒకావిడ రెండు బుట్టలూ తెచ్చింది. హెల్పర్ రెండూ తీసుకుని ఒకే తొట్టిలో బోర్లించాడు. ఆవిడ నావైపు చూసి, "చూశారుగా అన్నా, నేను వేరుచేసేదెందుకు, మీవాడు కలిపేదెందుకు?" అంది. నా దగ్గర సమాధానం లేదు. హెల్పర్‌ని అడిగితే, "సార్, మధ్య రేకు ఊడిపోయి రెండు నెలలైంది, రెండు అరల బండి లేదు, అక్కడ యార్డులో కూడా ఒకటే గుట్ట, నేను వేరుగా పోసి ఏం లాభం?" అన్నాడు. వాడి మాటలోనూ తప్పులేదు. జనం వేరుచెయ్యడం మానేసింది బద్ధకంతో కాదు, వాళ్ళ పనిని మనం వాళ్ళ కళ్ళముందే పాడుచేశాం కాబట్టి.

అందుకే వరస తిరగేయాలి. ముందు తడి చెత్త దించే చోటు సిద్ధం కావాలి, తర్వాత రెండు అరల బళ్ళు, ఆ తర్వాతే బుట్టలూ ప్రచారమూ. మన దగ్గర ఎప్పుడూ ఎదురే జరుగుతుంది. బుట్టలు పంచడానికి ఫొటో ఉంటుంది కదా.

బళ్ళ లెక్క చూద్దాం. లక్ష జనాభా అంటే 25 వేల ఇళ్ళు. ఇంటికి 15 సెకన్లు లెక్కేసినా వెయ్యి ఇళ్ళకు నాలుగు గంటల పైనే పడుతుంది. చిన్న ఆటో తొట్టిలో ఆరేడు వందల కిలోలకు మించి పట్టదు కాబట్టి రెండు ట్రిప్పులు తిరగాలి. ఆటోకు వెయ్యి ఇళ్ళు అంటే 25 ఆటోలు, రిపేరుకు పోయేవాటికి బదులుగా ఇంకో రెండు మూడు. ఆటో దూరని సందులకు తోపుడు బళ్ళు. ఒక్కో బండికీ ఇవే వీధులు, ఇదే సమయం, ఇదే మనిషి అని రాసిపెట్టాలి. ఆంధ్రలో మైక్రో పాకెట్లు అని రెండు మూడు వందల ఇళ్ళకు ఒక జట్టును పెట్టిన పద్ధతి ఉంది, అది మంచిదే. అందులో ఉన్న కిటుకు యాప్ కాదు, మనిషి మారకపోవడం. అదే అమ్మాయి రోజూ వస్తుంటే ఆ వీధిలో ఎవరి చెత్త ఎలా ఉందో ఆమెకు తెలుస్తుంది, ఆమెకు తెలుసునని వీధికీ తెలుస్తుంది. గోడ మీద క్యూఆర్ కోడ్లు అంటించిన ఊళ్ళు చూశాను. కోడ్ రోజూ స్కాన్ అవుతుంది, చెత్త బుట్ట మాత్రం గుమ్మంలోనే ఉంటుంది.

సమయం చాలా ముఖ్యం. ఆటో ఏడింటికి రావాల్సింది పదింటికి వస్తే, ఇద్దరూ ఉద్యోగాలకు పోయే ఇంట్లో చెత్త కవర్లో కట్టి బండి మీద పోతూ పోతూ ఖాళీ ప్లాటులోకి విసిరేస్తారు. మీ వార్డులో చెత్త పోగుపడే మూలలన్నీ రాసుకోండి. ఒక్కో మూలకూ ఒక కారణం దొరుకుతుంది: బండి రాని సందు, రాత్రి పదకొండింటికి మూసే టిఫిన్ సెంటరు, హాస్టలు. ఆ కారణం తీర్చాకే అక్కడ ముగ్గు వేసి మొక్క పెట్టండి. ముందు ముగ్గు వేస్తే ముగ్గు మీదే పోస్తారు. దుకాణాలకు, హోటళ్ళకు రాత్రి పూట వేరే బండి కావాలి.

చెయ్యగలరా అంటే, చేసిన ఊళ్ళున్నాయి. సూర్యాపేట 2003 ప్రాంతంలోనే వీధి కుండీలు తీసేసి, ఇంటింటికీ బండి పంపి, తడి చెత్తతో ఎరువు చేసి, పొడి చెత్త అమ్మి దేశమంతా చూడ్డానికి వచ్చేలా చేసింది. అప్పుడు దాని జనాభా మీ ఊరంతే. బొబ్బిలి కూడా ఆ దారిలో పేరు తెచ్చుకుంది. వరంగల్‌లో 2012 అక్టోబరులో వారం రోజులు ఊరంతా తడి పొడి వేరుచేసే పోటీ పెట్టి, వేరే మున్సిపాలిటీల వాళ్ళను రప్పించి వీధులు పంచారు. ఛత్తీస్‌గఢ్‌లో అంబికాపూర్ అయితే ఇంకో అడుగు ముందుకేసింది. మహిళా సంఘాల సభ్యులే ఇంటింటా సేకరిస్తారు, వార్డుల్లోని చిన్న షెడ్లలో మళ్ళీ ఏరతారు, పాత డంపింగ్ యార్డు ఇప్పుడు పార్కు. ఈ ఊళ్ళలో ఎక్కడా మొదటి మెట్టు పెద్ద యంత్రం కాదు. అలాగే ఇంకో నిజం కూడా చెప్పాలి. ఒక మంచి కమిషనర్ వచ్చి నిలబెట్టినదాన్ని, బదిలీ అయ్యాక రెండేళ్ళు కాపాడుకోవడమే కష్టం. కమిషనర్లు పోతారు, కౌన్సిలర్లు ఐదేళ్ళుంటారు. అందుకే మీరు అడిగినందుకు సంతోషించాను.

డబ్బు సంగతి. సేకరణను బయటివాళ్ళకు ఇస్తే టన్ను లెక్కన ఇవ్వకండి. టన్నుకింత అంటే వాడికి తడిసిన చెత్త బంగారం, కాలువ మట్టి వజ్రం. వేరుచేస్తే బరువు తగ్గుతుంది కాబట్టి వేరుచెయ్యనివ్వడు. ఇంటి లెక్కన, వేరుగా వచ్చిన చెత్త శాతాన్ని బట్టి ఇవ్వండి, వారానికోసారి మీరే వెళ్ళి ఏదో ఒక బండి ఆపి చూడండి. జనం నుంచి నెలకింత రుసుము వసూలు చెయ్యాలన్నది కూడా నియమాల్లో ఉంది. కానీ ఆంధ్రలో 2021లో మొదలుపెట్టిన యూజర్ చార్జీని జనం "చెత్త పన్ను" అని పేరు పెట్టి, 2024లో ప్రభుత్వం మారాక రద్దయ్యేదాకా వదల్లేదు. నా ఉద్దేశంలో రుసుము తప్పు కాదు, బండి సరిగా రాని వీధిలో రసీదు పుస్తకం ముందు రావడం తప్పు. ఆరు నెలలు టైముకు బండి తిప్పి, అప్పుడు అడగండి. హోటళ్ళు, కల్యాణ మండపాలు, ఆస్పత్రులు, అపార్ట్‌మెంట్లు, రోజుకు వంద కిలోలు దాటించే వాళ్ళంతా మొదటి రోజు నుంచే కట్టాలి. తడి చెత్తను తమ ఆవరణలోనే ఎరువు చేసుకోగలిగిన వాళ్ళు చేసుకోవాలి. అక్కడ మొహమాటం వద్దు.

పారిశుధ్య కార్మికుల జీతం ఆలస్యమైతే ఈ ప్లానంతా చిత్తుకాగితమే. 2023 డిసెంబరు ఆఖర్లో ఆంధ్రలో మున్సిపల్ కార్మికులు సమ్మెకు దిగితే రెండు వారాలు ఊళ్ళ పరిస్థితి ఏమైందో చూశాం. గ్లవ్స్, బూట్లు ఏడాదికోసారి ఫొటోకు కాదు, చిరిగినప్పుడల్లా ఇవ్వాలి. పగిలిన ట్యూబ్‌లైట్, వాడేసిన సూది విడిగా ఇవ్వమని జనానికి చెప్పేది చట్టం కోసం కాదు, ఆ చేతుల కోసం. 2016 నియమాల్లో మూడు రకాలుగా ఉన్నది, 2026 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన కొత్త నియమాల్లో నాలుగైంది: తడి, పొడి, ప్యాడ్లు డైపర్లు, ఇంకా మందులు, బ్యాటరీలు, బల్బులు, పెయింట్ డబ్బాల్లాంటివి. మొదటి ఏడాది మీ ఊళ్ళో తడి పొడి రెండూ గట్టిపడి, ప్యాడ్లు కాగితంలో చుట్టి విడిగా వస్తే చాలు, మిగతాది మెల్లగా వస్తుంది.

తడి చెత్త. 19 టన్నులు వినడానికి కొండలా ఉంటుంది. లెక్క చూడండి. ఘనపు మీటరుకు అర టన్ను చొప్పున రోజుకు 38 ఘనపు మీటర్లు. ఎరువు కావడానికి 35 రోజులనుకుంటే 1,330 ఘనపు మీటర్లు ఒకేసారి నేల మీద ఉంటుంది. మూడు మీటర్ల వెడల్పు, మీటరున్నర ఎత్తు వరసలుగా పోసి, మధ్యలో ట్రాక్టర్ తిరగడానికి దారి వదిలితే దీనికి పట్టేది ముప్పావు ఎకరం లోపే. జల్లెడ షెడ్డు, మాగబెట్టే చోటు, బళ్ళు తిరిగే జాగా, చెత్త నుంచి కారే ఊట నీళ్ళ గుంట అన్నీ కలిపినా మూడెకరాల్లో సరిపోతుంది. వారానికోసారి తిరగెయ్యాలి. లోపల వేడి 55 నుంచి 65 డిగ్రీలకు రావాలి, అప్పుడే కలుపు గింజలూ క్రిములూ చస్తాయి. తేమ ఎంతుండాలో చెప్పడానికి మీటరు అక్కర్లేదు. గుప్పెట్లో పిండితే చెయ్యి తడవాలి, నీళ్ళు కారకూడదు. వానాకాలానికి పైకప్పు తప్పనిసరి. ఒక ఊళ్ళో లక్షలు పోసి జల్లెడ యంత్రం కొన్నారు, పైకప్పు మర్చిపోయారు. మొదటి ఆగస్టులోనే ఎరువు బురదైంది, యంత్రం తుప్పు పట్టింది.

చివరకు రోజుకు మూడున్నర, నాలుగు టన్నుల ఎరువు వస్తుంది. కొనేదెవరు? రైతు మొదట అడిగేది నత్రజని శాతం కాదు, "గాజు పెంకులుంటాయా?" అని. మడిలో ఒట్టి కాళ్ళతో దిగేవాడికి అదే ముఖ్యం. కలిపి తెచ్చిన చెత్తను ఎంత జల్లెడ పట్టినా గాజు సన్న ముక్కలు ఎరువులో మిగులుతాయి. అందుకే గుమ్మం దగ్గర వేరుకాని చెత్తతో మంచి ఎరువు రాదు. మొదటి ఏడాది ఎరువు అమ్మి లాభం తీస్తామని బడ్జెట్‌లో రాయకండి. ఊరి పార్కులకు, నర్సరీలకు, చుట్టుపక్కల నలుగురు పేరున్న రైతులకు ఊరికే ఇవ్వండి. పంట చూశాక మిగతావాళ్ళు వాళ్ళే వస్తారు.

రెండు చెత్తలు ఈ వరసలోకి రావు. ఒకటి కొబ్బరి బోండాలు. ఎండాకాలం బరువులో కన్నా జాగాలో చంపేస్తాయి, ముక్కలు చేసే యంత్రం ఒకటి పెట్టాలి. రెండోది చికెన్ వ్యర్థాలు. రాత్రిపూట కాలువ గట్టున, హైవే పక్కన పడేస్తారు. లేదంటే నిషేధం ఉన్నా చేపల చెరువులకు తరలిపోతాయి. మాంసం దుకాణాలన్నిటికీ కలిపి ఒక మూత ఉన్న బండి, రోజూ రెండు సార్లు, నేరుగా ఆ వ్యర్థాలను ఉడికించి పొడి చేసే ప్లాంటుకు. జిల్లాలో ప్లాంటు లేకపోతే లోతుగా గుంట తీసి సున్నం చల్లి పూడ్చాలి. కుక్కల బెడద సగం ఇక్కడే తీరుతుంది, నమ్మండి.

పొడి చెత్త గురించి ఎక్కువ చెప్పను. పాత ఇనుప సామాన్ల షాపులవాళ్ళు, చిత్తుకాగితాలు ఏరుకునేవాళ్ళు ఈ పని మనకన్నా బాగా చేస్తున్నారు, వాళ్ళను వెళ్ళగొట్టకండి. గుర్తింపు కార్డులిచ్చి పొడి చెత్త కేంద్రంలో కూర్చోబెట్టండి. పుణెలో 2008 నుంచి ఏరుకునేవాళ్ళ సహకార సంఘమే ఇంటింటి సేకరణ చేస్తోంది. అట్ట, సీసాలు, గట్టి ప్లాస్టిక్ అమ్ముడుపోతాయి. ఎవరూ కొననిది చిప్స్ ప్యాకెట్లు, చిరిగిన గుడ్డలు, చెప్పులు. దానికి మన రెండు రాష్ట్రాలకూ ఒక అదృష్టం ఉంది: సిమెంటు ఫ్యాక్టరీలు. తాండూరు, హుజూర్‌నగర్ వైపు, జగ్గయ్యపేట, మాచర్ల, ఎర్రగుంట్ల, తాడిపత్రి. ఆ కొలిమిలో బొగ్గు బదులు ఇది కాలుతుంది, బూడిద కూడా సిమెంటులోనే కలిసిపోతుంది. ఎండబెట్టి, బేళ్ళు కట్టి పంపాలి. వదులుగా లారీలో వేస్తే గాలికి కిరాయి కట్టినట్టే.

ఇక మీ ఆరెకరాల పాత గుట్ట. సగటు నాలుగు మీటర్ల ఎత్తనుకుంటే దాదాపు 97 వేల ఘనపు మీటర్లు, 80, 90 వేల టన్నుల మధ్య. దీన్ని తవ్వి, వరసలుగా పోసి ఆరబెట్టి, జల్లెడ పట్టి వేరుచెయ్యడాన్ని బయోమైనింగ్ అంటున్నారు. స్వచ్ఛ భారత్ రెండో విడతలో టన్నుకు 550 రూపాయల లెక్క వేశారు, ఆ రేటున ఐదు కోట్ల లోపే. ఇండోర్ దేవ్‌గురాడియా గుట్టను ఇలాగే తీసేసి వంద ఎకరాలు ఖాళీ చేసుకుంది. మీ దగ్గర సగం పైగా మట్టే వస్తుంది, పల్లం పూడ్చుకోవచ్చు. పొలాలకు మాత్రం పరీక్ష చేయించకుండా ఇవ్వకండి, లోహాలుంటాయి. బిల్లులు లారీ ట్రిప్పుల మీద కాకుండా, పని ముందూ తర్వాతా డ్రోన్ సర్వే చేయించి తగ్గిన ఘనపరిమాణం మీద ఇవ్వండి. ముఖ్యమైన షరతు ఒకటుంది. కొత్త చెత్త అదే గుట్ట మీద పోస్తూ పాత గుట్ట తవ్వితే అది కుండలో చిల్లు పెట్టుకుని నీళ్ళు పోసినట్టే. తడి చెత్త షెడ్డు మొదలయ్యాకే ఈ టెండరు.

మంటల గురించి. గుట్ట లోపల గాలి అందక కుళ్ళిన చెత్త నుంచి మీథేన్ వస్తుంది, వేడి ఉంటుంది, ఒక బీడీ చాలు. రాగి తీగ కోసం వైర్లు కాల్చేవాళ్ళూ ఉంటారు. పైన నీళ్ళు కొడితే పైమంట ఆరుతుంది, లోపల రాజుకుంటూనే ఉంటుంది. 2023 మార్చిలో కొచ్చి బ్రహ్మపురంలో పది రోజులకు పైగా ఇదే జరిగింది, నగరమంతా పొగలో ఉంది. అంటుకున్న భాగాన్ని ప్రొక్లెయిన్‌తో విడదీసి, పరిచి, తడిపి, మట్టి కప్పాలి. ఈ వేసవికి ముందే గుట్టను కందకాలతో ముక్కలుగా విడగొట్టించండి, మట్టి కుప్పలు పక్కనే సిద్ధంగా ఉంచండి. బహిరంగంగా చెత్త కాలిస్తే 5 వేలు, పెద్దమొత్తంలో అయితే 25 వేల జరిమానా అని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2016లోనే చెప్పింది. చాలా ఊళ్ళలో కాల్చేది మున్సిపాలిటీ మనుషులే, అదే ఇబ్బంది.

చివరగా ఆ ఇరవై ఎకరాలు. 35 టన్నులూ ఇరవై ఏళ్ళు పూడ్చితే రెండున్నర లక్షల టన్నులు, గుంటకే పది పదకొండు ఎకరాలు, చుట్టూ ఖాళీ వదిలితే ఇరవై. మీవాళ్ళ లెక్క అక్కడి నుంచే వచ్చి ఉంటుంది. ఇప్పటిదాకా చెప్పినట్టు చేస్తే పూడ్చాల్సింది రోజుకు నాలుగు టన్నులు. ఇరవై ఏళ్ళకు ముప్పై వేల టన్నుల లోపు. ఏడు మీటర్ల లోతున ఎకరంన్నర. అడుగున 90 సెంటీమీటర్ల దట్టించిన బంకమట్టి, దానిమీద మిల్లీమీటరున్నర మందం ప్లాస్టిక్ పొర, ఊట నీళ్ళు లాగే పైపులు వెయ్యాలి. ఇంత చిన్న గుంటకు మూడు నాలుగు మున్సిపాలిటీలు కలిసి ఒకటి కట్టుకుంటే ఖర్చు తగ్గుతుంది. నదికి 100 మీటర్లు, చెరువుకూ ఇళ్ళకూ తాగునీటి బావులకూ 200 మీటర్లు దూరం అని 2016 నియమాల్లో ఉండేది.

పక్క ఊరివాళ్ళతో మాట్లాడేటప్పుడు పోలీసు బందోబస్తుతో వెళ్ళకండి. వాళ్ళ బోరు నీళ్ళు రంగు మారాయంటే అది అబద్ధం అయ్యుండదు. ముందు ఆ నీళ్ళు పరీక్ష చేయించి, ఫలితం వాళ్ళ పంచాయతీ ఆఫీసు గోడకు అంటించండి. "ఫలానా తేదీ నుంచి వేరుచేయని బండి ఈ గేటు దాటదు, మీరే ఇద్దరు మనుషుల్ని గేటు దగ్గర పెట్టండి, జీతం మేమిస్తాం" అని రాసివ్వండి. ఒకచోట ఇలా చేస్తే, ఆ ఇద్దరూ మా ఇన్‌స్పెక్టర్ల కన్నా కఠినంగా బళ్ళు వెనక్కి తిప్పారు. మొదటి నెల మా డ్రైవర్లు నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

వచ్చే కౌన్సిల్ సమావేశంలో మీరు పెట్టాల్సిన తీర్మానం ఇంత చిన్నది: ఏడు రోజుల కాటా, మీ ఒక్క వార్డులో రెండు అరల ఆటోలు, ఆ వార్డు తడి చెత్తకు ఒక షెడ్డు. కంపెనీ ఫైలుకు "పరిమాణం నిర్ధారణ అయ్యేదాకా వాయిదా" అని రాయించండి, గొడవ లేకుండా పక్కకు పోతుంది. కాటా చీటీలు, మీ వార్డు వీధుల మ్యాపు చేతికొచ్చాక ఇక్కడ పెట్టండి, ఏ ఆటో ఏ వీధి నుంచి మొదలవ్వాలో కూర్చుని గీద్దాం.